పాళెము వెలుపల ఏడు దినములు
లాక్‌డౌన్ ఆంక్షలు, పోలీసు అధికారము, కాపరి బాధ్యత: నెల్లూరు సముద్రతీర అనుభవముపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కోవిడ్ కేసు 2020 మార్చి 12న నెల్లూరులో వెల్లడి అయింది. ఇటలీ నుండి తిరిగివచ్చిన ఒక యువకునికి వ్యాధి సోకినట్లు పరీక్షలో తేలింది. పది దినములలో, అనగా జనతా కర్ఫ్యూ జరిగిన మార్చి 22న, రాష్ట్ర ప్రభుత్వము లాక్‌డౌన్ ప్రకటించింది. మార్చి 25 నుండి అది దేశమంతటికి వర్తించి, నాలుగు విడతలుగా మే 31 వరకు కొనసాగింది. తరువాత 2021 మే 5 నుండి రాష్ట్రములో మధ్యాహ్నము 12 గంటల మొదలు మరుసటి ఉదయము 6 గంటల వరకు కర్ఫ్యూ విధించబడింది.

ఆ దినములలో కాపరుల మధ్య రెండు విధములైన బోధలు వినబడ్డాయి. కొందరు రోమీయులకు 13వ అధ్యాయము చదివి, అధికారులు ఏమి చేసినా లోబడుటయే విశ్వాసి ధర్మమని చెప్పి ఊరుకున్నారు. మరికొందరు అపొస్తలుల కార్యములు 5:29 ఎత్తి చూపి, మందిరము మూయించే ఆజ్ఞకు లోబడనక్కరలేదని బోధించారు. మొదటి బోధ రోడ్డు మీద దెబ్బ తిన్న కూలివానికి ఆదరణ ఇవ్వలేదు. రెండవ బోధ పక్కింటి వృద్ధురాలి ప్రాణమును లెక్కచేయలేదు. ఈ రెండింటిలో ఏదీ లేఖనముల పూర్తి సాక్ష్యము కాదని మా అభిప్రాయము.

కదలికలను నిర్బంధించుటను లేఖనము అంగీకరిస్తుంది. అయితే అది మూడు షరతులతో అంగీకరిస్తుంది: పరీక్ష, పరిమితి, తిరిగి చేర్చుకొనుట. ఈ మూడింటిని తీర అనుభవము వెలుగులో వివరించుటయే ఈ వ్యాస ఉద్దేశము. ఆ లాక్‌డౌన్ ముగిసింది గాని అంటువ్యాధుల చట్టము నేటికీ అమలులో ఉన్నది. రహదారికి అడ్డముగా బారికేడ్ మరల ఎప్పుడు నిలుచునో ఎవరికీ తెలియదు. కాబట్టి ఇప్పుడే ఆలోచించుట మేలు.

1. తీరములో మూసివేత

"ఇంట్లోనే ఉండండి" అనే ఆజ్ఞ అందరికీ ఒకటే. దాని భారము మాత్రము అందరిమీద ఒకే విధముగా పడదు. నెలజీతము గలవానికి అది విసుగు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకొనేవానికి అది పొయ్యి వెలగని దినము. కావలి నుండి తడ వరకు గల నెల్లూరు తీరములో ఈ రెండవ జాతివారే ఎక్కువ. వేటకు వెళ్లే మత్స్యకారులు, రొయ్యల గుంటల మీద పనిచేసేవారు, కాలువలలో చేపలు, పీతలు పట్టుకొని బ్రదికే యానాదులు, వరికోత కూలీలు - వీరందరికి కదలికయే జీవనము.

ఉత్తర్వుల వరుసను గమనిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. 2020 మార్చి 24న కేంద్ర హోం శాఖ ఇచ్చిన మార్గదర్శకములలో చేపల దుకాణములకు మినహాయింపు ఉన్నది. సముద్రములో చేపలు పట్టుటకు మాత్రము స్పష్టమైన మినహాయింపు లేదు. అమ్మవచ్చును గాని పట్టుటకు మాట లేదు! వ్యవసాయ పనులకు, కోత యంత్రముల రాకపోకలకు మార్చి 27న మినహాయింపు వచ్చింది. చేపల వేటకు, ఆక్వా సాగుకు, మేత, ఐసు, రవాణా పనులకు ఏప్రిల్ 10న వచ్చింది. ఆ దినము శుభ శుక్రవారము. అయితే ఏప్రిల్ 15 నుండి తూర్పు తీరములో ఏటా ఉండే వేట నిషేధము మొదలైంది. అంటే మరపడవల వారికి ఆ మినహాయింపు కొద్ది దినములే పనికివచ్చింది. సాధారణముగా జూన్ 14 వరకు ఉండే ఆ నిషేధమును కేంద్రము ఆ ఒక్క ఏడు మే 31కి కుదించింది. రాష్ట్ర ప్రభుత్వము మే నెలలో మత్స్యకార కుటుంబములకు పదివేల రూపాయల వేట నిషేధ భృతి ఇచ్చింది. ఇవి మేలైన చర్యలే. కాని ఉత్తర్వు రాసినవారి బల్లకు, ఇసుక మీద ఆగిన పడవకు మధ్య ఎంత దూరము ఉన్నదో ఈ తేదీలే చెబుతాయి.

దక్షిణమున తమిళనాడు సరిహద్దు కూడా మూతపడింది. తడ, సూళ్లూరుపేట ప్రాంతములు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే ఉన్నాయి; 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలో కలిసాయి. ఆ ప్రాంతము వారికి చెన్నై పరదేశము కాదు. ఆసుపత్రి అక్కడ, అంగడి అక్కడ, పిల్లల ఉద్యోగములు అక్కడ. 2020 ఏప్రిల్ చివర కేంద్రము ప్రకటించిన జాబితాలో నెల్లూరు జిల్లా రెడ్ జోన్‌గా నిలిచింది. రాకపోకలపై తనిఖీ మరింత బిగిసింది.

మందిరముల విషయము మనకందరికి తెలిసినదే. ప్రార్థనాస్థలములు మూయబడ్డాయి; అంత్యక్రియలకు ఇరవై మందికి మించి కూడరాదని నియమము వచ్చింది. ఏప్రిల్ 12న పునరుత్థాన పండుగ ఇండ్లలోనే జరిగింది. జూన్ 8 తరువాతనే నియమములతో మందిరములు తెరువబడ్డాయి. భూస్థాపన వేళ ఇరవై మందిలో ఎవరు రావాలో, ఎవరు ఆగిపోవాలో కుటుంబముతో కూర్చొని ఎంచవలసి రావడము కాపరి పరిచర్యలో మనము ఎన్నడూ నేర్వని పని. అదే ఏప్రిల్‌లో, నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు కోవిడ్‌తో చెన్నైలో మరణించినప్పుడు అంబత్తూరులో ఆయన దహనక్రియను స్థానికులు అడ్డుకున్నారు. భయము చట్టమునకు మించిన ఆంక్షలను తానే విధిస్తుందనుటకు ఇది సాక్ష్యము.

2021 మేలో మరొక దృశ్యము చూశాము. ముత్తుకూరు మండలము కృష్ణపట్నములో ఆనందయ్య ఇచ్చుచున్న మందు కొరకు కర్ఫ్యూ కాలములోనే వేలాదిమంది తరలివచ్చారు. అంబులెన్సులలో రోగులను తెచ్చినవారు కూడా ఉన్నారు. మే 21న జనసందోహము అదుపు తప్పగా పంపిణీ ఆగిపోయింది. గ్రామములో పోలీసు పహరా పెట్టబడింది. మే 31న ప్రభుత్వము కంటి చుక్కలను పక్కనపెట్టి కొన్ని మందులకు అనుమతి ఇచ్చింది. రోగులు స్వయముగా రాక బంధువులను పంపవలెననీ, వైద్యులు ఇచ్చిన మందులు మానరాదనీ చెప్పింది. ఆ వచ్చినవారిని అవిధేయులని ఒక్క మాటతో తీసివేయలేము. ఆసుపత్రిలో పడక దొరకని దినములవి. వారు ప్రాణముమీది ఆశతో గీత దాటారు. అదే సమయములో ఆ గుంపువలననే వ్యాధి పాకే ప్రమాదము ఉండెను. కాపరి ఈ రెండు సత్యములను ఒకేసారి పట్టుకొనవలసి ఉన్నది.

2. చట్టము ఇచ్చిన అధికారము, పెట్టిన హద్దు

చట్టములో ఏమున్నదో తెలియకుండా లోబడుటను గూర్చి బోధించలేము. భారత రాజ్యాంగము 19వ అధికరణము దేశమంతట సంచరించే స్వేచ్ఛను ఇచ్చింది; సామాన్య ప్రజల క్షేమము కొరకు దానిపై సహేతుకమైన ఆంక్షలు విధించవచ్చునని కూడా చెప్పింది. మత స్వాతంత్ర్యమును ఇచ్చే 25వ అధికరణము సైతము ప్రజాశాంతి, నైతికతలతో పాటు ప్రజారోగ్యమునకు లోబడియే ఉన్నది. కాబట్టి అన్ని మతముల స్థలములతో పాటు మన మందిరములను మూయించుట హింస అనుట సరికాదు.

ఆంక్షలకు ఆధారములైన చట్టములు ముఖ్యముగా రెండు. ఒకటి 1897 నాటి అంటువ్యాధుల చట్టము. బొంబాయి ప్రాంతములో ప్లేగు వ్యాపించినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వము దీనిని చేసింది. ఆ ప్లేగు కాలములోనే పూనాలో సైనికులు ఇండ్లలో చొరబడి చేసిన సోదాలు ప్రజలలో తీవ్ర ఆగ్రహమును రేపాయి. ఆ సోదాలకు బాధ్యుడైన అధికారి రాండ్ 1897 జూన్‌లో కాల్చబడ్డాడు. రోగమును ఆపుటకు వచ్చినవారు మనుష్యుల గౌరవమును తొక్కితే ఏమి జరుగుతుందో ఈ చట్టము పుట్టుకలోనే కనబడుతుంది. రెండవది 2005 విపత్తు నిర్వహణ చట్టము. వీటితోపాటు గుంపుగూడుటను నిషేధించే 144వ సెక్షన్ వాడబడింది.

ఆజ్ఞ మీరినవారిపై ఎక్కువగా పెట్టబడినది భారత శిక్షాస్మృతి 188వ సెక్షన్. దాని శిక్ష సాధారణముగా ఒక నెల జైలు లేక రెండు వందల రూపాయల జరిమానా. ప్రాణాపాయము కలిగించేదైతే ఆరు నెలలు లేక వెయ్యి రూపాయలు గరిష్ఠము. 2024 జూలై 1 నుండి దాని స్థానములో భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్ వచ్చింది. శిక్ష ఆరు నెలలు లేక రెండు వేల ఐదు వందల రూపాయల వరకు, ప్రాణాపాయమైతే ఒక సంవత్సరము లేక ఐదు వేల రూపాయల వరకు పెరిగింది. ఈ శిక్షను విధించవలసినది న్యాయస్థానమే. రోడ్డు మీద నిలువబెట్టి గుంజీళ్లు తీయించుట, మోకాళ్లపై నడిపించుట, బండి ఆపినవాని పిక్కలపై లాఠీతో కొట్టుట ఈ సెక్షనులలో ఎక్కడా లేవు.

అవి ఎంత దూరము పోగలవో రెండు సంఘటనలు చూపాయి. తమిళనాడు సాత్తాంకుళములో 2020 జూన్ 19న సెల్‌ఫోన్ దుకాణమును అనుమతించిన వేళ దాటి తెరిచి ఉంచారన్న ఆరోపణపై క్రైస్తవులైన తండ్రీకుమారులను పోలీసులు తీసుకొనిపోయారు. జూన్ 22, 23 తేదీలలో ఒకరి వెనుక ఒకరు ఇద్దరూ మరణించారు. సీబీఐ దర్యాప్తు జరిపి పోలీసు సిబ్బందిపై హత్యానేరము మోపుతూ అభియోగపత్రము దాఖలు చేసింది. మన తీరములోనే, నెల్లూరుకు ఉత్తరమున ఉన్న చీరాలలో, అదే జూలైలో మాస్కు లేదని పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు తలకు గాయమై కొద్ది దినములకు ఆసుపత్రిలో మరణించాడు. పోలీసులు కొట్టినందుననే అని కుటుంబము ఆరోపించింది. వాహనము నుండి దూకినందున అని పోలీసులు చెప్పారు. ప్రభుత్వము పరిహారము ప్రకటించి విచారణకు ఆదేశించింది. ఆరోపించబడిన తప్పు ఏమిటి? దుకాణము మూయకపోవుట, ముఖమునకు గుడ్డ లేకపోవుట. నష్టమైనది ప్రాణము.

ఇక్కడ న్యాయముగా మరొక మాట చెప్పవలెను. ఆ ఎండలలో సరైన రక్షణ లేకుండా చెక్‌పోస్టులలో నిలిచి వ్యాధి సోకి మరణించిన పోలీసులు అనేకులు. అన్నము పొట్లములు పంచినవారు, గర్భిణీ స్త్రీలను తమ వాహనములలో ఆసుపత్రికి చేర్చినవారు వారిలో ఉన్నారు. మన సంఘములలోని కానిస్టేబుళ్లు కూడా ఆ వరుసలో నిలిచినవారే. కాబట్టి ఈ చర్చ పోలీసులకు వ్యతిరేకమైనది కాదు; అధికారమునకు దేవుడు పెట్టిన హద్దును గూర్చినది.

3. లేఖనముల సాక్ష్యము

మన తీరములోని మత్స్యకార గ్రామములకు పల్లెపాలెము, పట్టపుపాలెము వంటి పేర్లున్నాయి. తెలుగు బైబిలులో ఇశ్రాయేలీయుల విడిదికి వాడిన మాట కూడా పాళెమే. కాబట్టి పాళెము వెలుపల ఉండుట అంటే ఏమిటో మన విశ్వాసులకు వేరుగా వివరించనక్కరలేదు.

అ) పరీక్ష. లేవీయకాండము 13వ అధ్యాయములో చర్మముపై మచ్చ గలవానిని యాజకుడు ఏడు దినములు ప్రత్యేకించి ఉంచుతాడు. అక్కడి వ్యాధి నేటి కుష్ఠువ్యాధియే అని చెప్పలేమని పండితులు అంటారు. ఆ అధ్యాయమును ఆధారము చేసికొని నేటి కుష్ఠురోగులను దూరపరచుట తప్పు. మనము గమనించవలసినది యాజకుని పని. మూసినవాడే ఏడవ దినమున మరల చూడవలెను. అవసరమైతే మరి ఏడు దినములు, మరల చూచుట. 14:3లో యాజకుడు తానే పాళెము వెలుపలికి వెళ్లి రోగిని పరీక్షిస్తాడు. గడియ పెట్టిన చెయ్యికే గడియ తీయవలసిన బాధ్యత ఉన్నది. గడువు లేని మూసివేత, మరల వచ్చి చూడని మూసివేత లేవీయ ధర్మము కాదు. భయమువలన, పుకారువలన ఎవనినీ వెలివేయుటకు అక్కడ తావు లేదు. ఒక మతమువారిని, ఒక పేటవారిని రోగమునకు మారుపేరుగా చేసిన మాటలు 2020లో మన మధ్య కూడా తిరిగాయి. పరీక్ష లేని తీర్పు అబద్ధ సాక్ష్యమే.

ఆ) పరిమితి. ద్వితీయోపదేశకాండము 25:1-3 శిక్షను అనుమతిస్తుంది. కాని ముందు తీర్పు జరుగవలెను, న్యాయాధిపతి ఎదుటనే, నేరమునకు తగిన లెక్క ప్రకారము జరుగవలెను, నలువది మించరాదు. మించినయెడల ఆ మనిషి మన దృష్టికి నీచుడగునని కారణము చెప్పబడింది. ఈ భాగములో మాట మార్పును చూడండి. రెండవ వచనములో దోషిగా పిలువబడినవాడు మూడవ వచనములో సహోదరుడు అవుతాడు. యూదా బోధకులు మిష్నాలో ఈ మార్పును గుర్తించి, శిక్ష పొందినవాడు మరల సహోదరుడే అని బోధించారు. తీర్పు లేకుండా, లెక్క లేకుండా, పదిమంది నవ్వుతూ సెల్‌ఫోనులో చిత్రీకరిస్తుండగా పడే దెబ్బను ఈ వచనములు ఏ విధముగానూ ఒప్పుకొనవు.

రోమీయులకు 13:4లో అధికారి దేవుని పరిచారకుడని పౌలు రాశాడు. అక్కడి గ్రీకు మాట డియాకొనోస్, సంఘ పరిచారకునికి వాడే మాటయే. పరిచారకుడు యజమాని మాట దాటలేడు. ఈ పత్రిక రాసిన పౌలే అపొస్తలుల కార్యములు 22లో కొరడాలతో కొట్టించబోయిన అధికారిని ఎదుర్కొన్నాడు. తిరుగబడలేదు, పారిపోలేదు, విచారణ లేకుండా రోమా పౌరుని కొట్టుట న్యాయమా అని శతాధిపతిని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నకు పై అధికారి భయపడ్డాడు. చట్టమును అడుగుట అవిధేయత కాదు. రోమా 13ను రాసిన చేతి అనుభవమే అది.

ఇ) తిరిగి చేర్చుకొనుట. సంఖ్యాకాండము 12లో మిర్యాము ఏడు దినములు పాళెము వెలుపల ఉంచబడింది. లేవీయకాండములో రోగిని మూసి ఉంచుటకు వాడిన హెబ్రీ ధాతువే, సాగర్ అనునది, ఇక్కడ కూడా వస్తుంది. మన చెవికి సముద్రముగా వినబడే ఆ మాటకు మూయుట అని అర్థము. కాని 15వ వచనము చివర చూడండి: ఆమె మరల చేర్చుకొనబడువరకు జనులు ప్రయాణము చేయలేదు. తప్పు ఆమెది, ఆగినది జనమంతా. వాగ్దాన దేశమునకు పోవలసిన లక్షలమంది ఒక స్త్రీ కొరకు ఏడు దినములు గుడారములు ఎత్తలేదు. ఒక్కరి ప్రాణము కొరకు అందరూ ఆగుట అను దానికి లేఖనములో ఇంతకంటె స్పష్టమైన మాదిరి మాకు కనబడలేదు. లాక్‌డౌన్‌లో బలవంతులు బలహీనుల కొరకు ఆగిరి. అది అణచివేత కాదు, ప్రేమయొక్క ఒక రూపము. అయితే ఆగినవారు ఆమెను చేర్చుకొనుటకే ఆగారు, మరచిపోవుటకు కాదు.

ఈ మూడు షరతులు ప్రభువునందు నెరవేరాయి. మార్కు 1:40-45లో ఆయన కుష్ఠురోగిని ముట్టాడు. అయినను యాజకునికి కనుపరచుకొమ్మని పంపాడు. ధర్మశాస్త్రమును పక్కకు నెట్టలేదు. ఆ భాగము ముగింపులో బాగుపడినవాడు ఊరిలో తిరుగుతుండగా, యేసు పట్టణములో బహిరంగముగా ప్రవేశింపలేక వెలుపల అరణ్య ప్రదేశములలో ఉన్నాడు. వారి స్థానములు మారాయి. హెబ్రీయులకు 13:12-13 మనలను ఆయన యొద్దకు, పాళెము వెలుపలికి పిలుస్తుంది.

4. సంఘచరిత్ర నుండి రెండు మాదిరులు

1527లో విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చినప్పుడు మార్టిన్ లూథర్ పట్టణమును విడువలేదు. బ్రెస్లౌ కాపరి యోహాను హెస్ అడిగిన ప్రశ్నకు జవాబుగా రాసిన పత్రికలో, మందు వాడుట, ఇంటిని శుభ్రపరచుట, తాను అవసరము లేని చోటికి పోకుండుట విశ్వాసలోపము కాదని చెప్పాడు. పొరుగువానికి తన అవసరము ఉన్నచోట మాత్రము కాపరి, అధికారి ఇద్దరూ తప్పుకొనరాదని చెప్పాడు.

రెండవది మన ఇంటి చరిత్ర. 1876-78 ధాతు కరువులో, ఒంగోలు ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న కాలములో, బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకములో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు కూలీలు పైతనిఖీదారుల చేతిలో నలుగుచుండగా, తన బోధకులనే పనిపై తనిఖీకి నిలిపాడు. సహాయము కొరకు ఎవరూ క్రైస్తవులు కారాదని ఆ కాలములో బాప్తిస్మములు ఆపాడు. ఆ కాలువ నేటికీ మన తీరము వెంట ఉన్నది. అధికారము బీదవానిపై పడే చోట సంఘము నిలువవచ్చునని, ఆ నిలిచినందుకు కూలి కోరరాదని అది మనకు గుర్తుచేయవలెను.

5. కాపరులకు సూచనలు

మొదటిది, ఉత్తర్వును చదవండి. వాట్సాప్ మాట కాదు, అసలు కాగితము. ఎవరికి మినహాయింపు ఉన్నదో సంఘమునకు తెలుగులో వివరించండి. వేటకు, కోతకు వచ్చిన మినహాయింపు పాలెమునకు చేరకపోతే అది లేనట్టే.

రెండవది, న్యాయమైన ఆంక్షకు ముందుగా మనమే లోబడుదాము. రహస్య కూడికలు సాహసము కాదు. పోలీసు అడిగిన చోట వాదము పెంచక, వివరములు రాసిన కాగితము చూపుదాము. భూస్థాపనకు వచ్చువారి పేర్ల జాబితా ముందుగానే స్టేషనులో ఇచ్చుట మేలు.

మూడవది, అన్యాయము జరిగితే మౌనముగా ఉండరాదు. తేదీ, స్థలము, గాయము, సాక్షులు రాసిపెట్టి, వైద్య పరీక్ష చేయించి, పై అధికారికి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు, మానవ హక్కుల కమిషన్‌కు వినతి ఇవ్వవచ్చును. బాధితుడు మన సంఘస్థుడా కాడా అని చూడనక్కరలేదు.

నాలుగవది, మన సంఘములోని పోలీసులను కలిసి ప్రార్థించండి. ద్వితీయోపదేశకాండము 25ను వారితో చదవండి. లాఠీ ఎత్తకముందు ఎదుటివాడు సహోదరుడని గుర్తు వచ్చుటకు అది తోడ్పడవచ్చును.

ఐదవది, క్వారంటైన్ ముగించుకొని వచ్చినవారి ఇంటికి మొదట వెళ్లువాడు కాపరియై యుండవలెను. యాజకుడు వెలుపలికి వెళ్లినట్లు మనము వెళ్లి, వారిని ఆరాధనకు చేయి పట్టి తీసుకురావలెను.

ముగింపు

మూసివేతను సంఘము కొలువవలసిన కొలత ఇదే: పరీక్ష ఉన్నదా? పరిమితి ఉన్నదా? తిరిగి చేర్చుకొనుట ఉన్నదా? మూడూ ఉన్నచోట మనస్సాక్షి నిమిత్తము లోబడుదాము. పరీక్ష, పరిమితి లేనిచోట పౌలు అడిగినట్లు అడుగుదాము. మూడవది మాత్రము ప్రభుత్వము చేయగల పని కాదు. ఉత్తర్వు బారికేడును తొలగించగలదు గాని, వెలుపల ఉన్నవానిని లోపలికి పిలువలేదు. ఆ పిలుపు సంఘమునకు అప్పగించబడింది.